మావయ్య చేతులకు మిగిలిన ఏడాది

మా మావయ్య బూట్లు కుడతాడు. అందరికీ కాదు. బజారులో అద్దాల వెనక వరసగా పేర్చిన బూట్లు ఎవరి కాళ్ళకు పట్టవో వాళ్ళకు మాత్రమే. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, వేళ్ళు పోయినవాళ్ళు, మడమ పక్కకు ఒరిగినవాళ్ళు. అలాంటివాళ్ళు ఆయనకు నలభై ఒక్కమంది. వాళ్ళ పాదాలు ఎలా ఉంటాయో కట్టుకున్నవాళ్ళకు కూడా సరిగ్గా తెలియకపోవచ్చు, ఆయనకు తెలుసు.

కొట్టు బస్టాపు ఎదురుగా ఉంటుంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒక గోడ నిండా అరలు, అరల నిండా కొయ్య పాదాలు. ఒక్కొక్కటీ ఒక్కో మనిషి పాదం కొలతకు చెక్కిన అచ్చు. దాని మీద తోలు లాగి, బిగించి, ఆరనిచ్చి బూటు కుడతారు. అచ్చు తప్పితే బూటు తప్పుతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు ఆ గోడను చూసి గుమ్మంలోనే ఒక అడుగు వెనక్కి వేస్తారు. అన్ని పాదాలు, ఒక్క మనిషీ లేడు.

నేను ఆ కొట్టు మూలలో స్టూలు మీద కూర్చుని పుస్తకాలు చదువుకుంటాను. చేయడానికి పని దొరకనివాడికి చదవడానికి చోటైనా కావాలి. నా గురించి ఇంతకంటే చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

పోయినేడు ఒక మధ్యాహ్నం మావయ్య చేతిలోంచి ఆరె జారి పడింది. తోలుకు బెజ్జం పొడిచే సూది లాంటి పనిముట్టు అది. నా ఇరవై ఆరేళ్ళలో అది ఆయన చేయి జారడం చూడలేదు. వంగి తీసుకున్నాడు. పావుగంటలో మళ్ళీ పడింది. అప్పుడు దాన్ని తీయకుండా తన కుడిచేతి వంక కాసేపు చూశాడు, ఆలస్యంగా వచ్చిన పనివాణ్ణి యజమాని చూసినట్టు.

అత్తయ్య పోరుపెట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, చెప్పాల్సింది చెప్పడానికి ముందు కళ్ళజోడు రెండుసార్లు తుడిచాడు. నరాల జబ్బు అన్నాడు. ముందు చేతుల్లో పట్టు పోతుందట. మందులతో కాస్త నెమ్మదిస్తుంది గానీ ఆగదట.

"ఎంతకాలం?" అన్నాడు మావయ్య.

"ఏడాది. అటూ ఇటుగా."

"నేనడిగింది చేతుల గురించండీ."

"నేను చెప్పింది కూడా చేతుల గురించే. మీకేం, ఇంకా చాలా ఏళ్ళు ఉంటారు."

"ఆ మాట మా ఆవిడతో చెప్పండి. సంతోషిస్తుందో లేదో చూద్దాం."

అత్తయ్య నవ్వలేదు. డాక్టరు నవ్వబోయి ఆమెను చూసి ఆగిపోయాడు.

మర్నాడు ఎనిమిదింటికే కొట్టు తలుపు తీసి ఉంది. నేను వెళ్ళేసరికి మావయ్య ఖాకీ కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. నలభై ఒక్కమంది పాదాల గీతలు అవి. మనిషిని కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్సిలుతో గీస్తాడు, కింద తేదీ వేస్తాడు. ఏటేటా కొత్త గీత.

"ఏరా మేనల్లుడా, నీ పుస్తకాల్లో ఏడాదిని ఏం చేసుకోవాలో ఎవడైనా రాశాడా?"

ఆ రోజుల్లో నేను స్టోయిక్కుల గురించి చదువుతున్నాను. రెండువేల ఏళ్ళ కిందటి తత్వవేత్తలు. మనిషికి కాలం తక్కువై కాదు, ఉన్నదాన్ని ఒలకబోసుకోవడం వల్లే చాలడం లేదని వాళ్ళు నమ్మారు. ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో తేల్చుకుని, ఉన్నదాని మీదే శక్తి పెట్టమన్నారు. ఇదంతా మావయ్యకు చెప్పాను. చదివినదంతా ఒక్కసారి కక్కే నా అలవాటు కొద్దీ కొంచెం ఎక్కువే చెప్పాను.

"బాగుంది. వాళ్ళు ఏం పని చేసేవాళ్ళు?"

"ఒకడు బానిస. ఒకడు చక్రవర్తి. ఇంకొకడు కూలికి తోటలకు నీళ్ళు మోసేవాడు."

"అయితే ఆ నీళ్ళు మోసినోడు ఏమన్నాడో అది చదివి చెప్పు. చక్రవర్తికి బూట్లు ఎవడో తొడుగుతాడు, ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు."

ఆ రోజు నుంచి మావయ్య కొన్ని పనులు మానేశాడు. నేను చూసినంతలో జనం పనులు పెంచుకుంటారు తప్ప మానరు. అదే వీధిలోని మంగలితో ఎన్నికల గురించి రోజూ జరిగే వాదన మానేశాడు. "నువ్వే గెలిచావు పో" అని ఒక్క మాటతో తేల్చేశాడు. మంగలి వారం రోజులు దిగాలుగా తిరిగాడు, పదేళ్ళుగా గెలవాలని చూసినవాడికి గెలుపు ఇంత చప్పగా ఉంటుందని తెలియదు పాపం. ఇంటి వెనక ప్రహరీ గోడ మూడంగుళాలు ఎవరిదన్న తగాదా తోడల్లుడితో తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. దాన్నీ వదిలేశాడు. పిలిచిన ప్రతి శుభకార్యానికీ వెళ్ళి కుర్చీలో కూర్చుని రావడం మానేసి, అత్తయ్యను పంపాడు.

మిగిలింది గుమస్తా గారు. రిటైరయ్యాక ఆయన రోజూ పదింటికి కొట్టుకు వచ్చి పన్నెండుదాకా కూర్చుంటాడు. ఆయన కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వచ్చేది కబుర్లకు.

"ఏదో, కాలక్షేపానికి వచ్చా" అన్నాడు యథాప్రకారం.

"మీది ఎంతైనా క్షేపించండి, నాది మాత్రం ముట్టుకోకండి" అన్నాడు మావయ్య. "ఇదిగో దారం, ఇదిగో మైనం. మాట్లాడుతూ ఈ దారానికి మైనం పట్టించండి."

"నేనా? ముప్పై మూడేళ్ళు ఆఫీసులో చేశానయ్యా!"

"అందుకే చెప్తున్నా. ఇప్పుడైనా ఏదో ఒకటి చేయండి."

గుమస్తా గారు అలిగి వెళ్ళిపోయాడు. రెండో రోజు రాలేదు. మూడో రోజు వచ్చి దారం అందుకున్నాడు. మైనం బాగా పట్టిస్తాడని తర్వాత తెలిసింది. ఆ విషయం ఆయనకూ అప్పుడే తెలిసింది.

మొదటి మూడు నెలల్లో మావయ్య పెద్దవాళ్ళ అచ్చులన్నీ సరిచేశాడు. అరిగినవి కొత్తగా చెక్కాడు. ఒక్కొక్కరినీ పిలిచి నిలబెట్టి, కూర్చోబెట్టి, నడిపించి కొలిచాడు. పెద్దవాళ్ళ పాదం పెద్దగా మారదు. అచ్చు బాగుంటే, దాని మీద తోలు లాగి కుట్టగలిగేవాడు ఎవడో ఒకడు పక్క ఊళ్ళోనైనా దొరుకుతాడు. నలభైమంది సంగతి అలా ఒడ్డున పడింది.

నలభై ఒకటోది పిచ్చుక.

పిచ్చుక అసలు పేరు కాదు, ఎగురుతూ నడుస్తుందని అందరూ అలా పిలుస్తారు. తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే కుడికాలు ఎడమకాలి కంటే పొట్టి. ఎదిగేకొద్దీ తేడా పెరుగుతోంది. పదహారు నిండాక ఆపరేషన్ చేయొచ్చని డాక్టర్లు అన్నారు. అప్పటిదాకా బూటే దిక్కు. మూడేళ్ళప్పుడు బజారు బూటు కింద అట్ట అతికించి చూశారు ఒకసారి, అతికించినవాడు ఎత్తు చూశాడే గానీ బరువు ఎటు పడుతుందో చూడలేదు. పిల్ల బాలవాడి మెట్ల మీద పడి ముందుపన్ను విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి మావయ్యే కుడుతున్నాడు. వాళ్ళమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. తండ్రి లేడు.

తొమ్మిది నుంచి పదహారు. ఏడేళ్ళు. మావయ్య చేతులకు తొమ్మిది నెలలు.

ఆయన చేసిన తప్పు ఇక్కడే. ఆ తప్పు చేయాలంటే కూడా ముప్పై ఏళ్ళ పనితనం కావాలి. పిచ్చుక పాదం గీతలు ఆరేళ్ళవి ఆయన దగ్గరున్నాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూశాడు. ఏడాదికి ఎంత పొడవు, ఎంత వెడల్పు, మడమ దగ్గర ఎంత. ఆ లెక్కన పదేళ్ళప్పటి పాదం, పదకొండేళ్ళప్పటి పాదం, అలా పదహారుదాకా ఊహించి గీశాడు. ఇంకా లేని పాదాలకు అచ్చులు చెక్కడం మొదలుపెట్టాడు. ఏడు జతలు, పధ్నాలుగు కొయ్యలు.

మూడు నెలలు పట్టింది. ఒకప్పుడైతే మూడు వారాల పని. ఉలి జారితే చెక్క పాడవకుండా ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని చెక్కేవాడు. భోజనానికి ఇంటికి రావడం మానేశాడు. అత్తయ్య క్యారేజీ పంపితే సాయంత్రానికి మూత తీయకుండానే తిరిగొచ్చేది. ఆదివారాలూ కొట్టులోనే. నేను మాత్రం మురిసిపోయాను. మిగిలిన కాలాన్ని చుక్క ఒలకకుండా వాడుతున్నాడు, నా పుస్తకాల్లోని మనిషి అంటే ఈయనే అనుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వం అలాగే ఉంటుంది.

పధ్నాలుగు అచ్చులూ పై అరలో చిన్నదాని నుంచి పెద్దదాకా నిలబడ్డాయి. ఒకే పిల్ల ఏడేళ్ళూ వరసలో నిలబడినట్టుంది. ఆ వారమే పిచ్చుకకు పదేళ్ళు వచ్చాయి. వాళ్ళమ్మ తీసుకొచ్చింది.

"తాతయ్యా, ఇది పొడుస్తోంది" అంది పిచ్చుక పాత బూటు విప్పుతూ.

"పొడవదూ మరి? పెరిగావు. నీ కొత్త పాదం అప్పుడే చేసి పెట్టా చూడు" అంటూ మావయ్య కాగితం పరిచి పిల్లను నిలబెట్టి గీశాడు. పదేళ్ళ అచ్చు తెచ్చి ఆ గీత మీద పెట్టాడు.

పట్టలేదు.

మళ్ళీ గీశాడు. పిల్లను నడిపించాడు. మోకాళ్ళ మీద కూర్చుని మడమ పట్టుకుని చూశాడు. ఆరేళ్ళూ పొడవు పెరుగుతూ వచ్చిన పాదం ఈ ఏడాది పెద్దగా పొడవు పెరగలేదు. పక్కకు పరుచుకుంది. మడమ లోపలికి ఒరగడం మొదలైంది. రెండు కాళ్ళ తేడా ఆయన ఊహించినదాని కంటే అర అంగుళం ఎక్కువ. మొదటి అచ్చే తప్పాక మిగతావాటిని పెట్టి చూడాల్సిన పనే లేదు. అయినా పదకొండేళ్ళది పెట్టి చూశాడు. పన్నెండేళ్ళదీ పెట్టాడు.

"ఏమైంది అన్నయ్యా?" అంది వాళ్ళమ్మ.

"ఏం కాలేదమ్మా. పాదం దానిష్టం వచ్చినట్టు అది పెరిగింది. నన్ను అడగలేదు."

పిచ్చుక కంగారుపడింది. "నేనేం చేయలేదు తాతయ్యా."

"నువ్వేం చేస్తావే పిచ్చిదానా! తప్పు నాది. రాని కాలికి బూటు కొలిచాను."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య సంగతంతా వింది. మావయ్య కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"మూడు నెలలు చెక్కకిచ్చారు" అంది అత్తయ్య. "నాకు మూడు రోజులిచ్చారా? పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానన్నారు. పిల్లలయ్యాక అన్నారు, పెద్దయ్యాక అన్నారు, పెళ్ళిళ్ళయ్యాక అన్నారు. ఇప్పుడు చేతులు పోయాకనా? ఆ రోజుకి చొక్కా గుండీ మీరు పెట్టుకోలేరు, నేనే పెట్టాలి. సముద్రం ముందు నిలబడి మీ గుండీలు పెట్టమంటారా?"

మావయ్య చెంబు కింద పెట్టాడు. ఎదురు చెప్తాడనుకున్నాను. ఆయనకు మాట తడుముకోవడం తెలియదు.

"రేపు పొద్దున బస్సెన్నింటికి?" అన్నాడు.

ఆమె నమ్మలేదు. పొద్దున్నే సంచి సర్దాక కూడా నమ్మలేదు. బస్సు కదిలాక నమ్మిందట. రెండు రోజులు ఉండి వచ్చారు. అక్కడ ఏం చూశారో, ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చాక అత్తయ్య క్యారేజీ పంపడం మానేసింది. భోజనానికి ఆయనే ఇంటికి వస్తున్నాడు.

ఆ పై అరలోని పధ్నాలుగు అచ్చులను మావయ్య పొయ్యిలో పెట్టమని వీధి చివరి రొట్టెలవాడికి ఇచ్చేశాడు.

"మూడు నెలల పని మావయ్యా!"

"అవును. ఆ మూడు నెలలు పోయాయి. వాటిని రోజూ చూస్తూ కూర్చుంటే నాలుగోదీ పోతుంది."

తన మీద తనకు జాలి లేకుండా ఇలా మాట్లాడగలగడం నేను ఏ పుస్తకంలో చదివినా అబద్ధమనే అనుకునేవాణ్ణి.

మరుసటి సోమవారం ఐదున్నరకు ఫ్యాక్టరీ వదిలాక పిచ్చుక వాళ్ళమ్మ ఎదురుగా బస్టాపులో నిలబడి ఉంది. మావయ్య గుమ్మంలోకి వెళ్ళి చప్పట్లు కొట్టి పిలిచాడు.

"అమ్మా, ఇలా రా. ఈ బూటు నువ్వు కుట్టాలి."

"నేనా? నేను కాలర్లు కుట్టేదాన్ని అన్నయ్యా!"

"కాలర్ మెడ చుట్టూ తిరుగుతుంది, ఇది మడమ చుట్టూ తిరుగుతుంది. వంపు కుట్టడం వచ్చినవాళ్ళకు ఏదైనా వస్తుంది."

"వేళాకోళమాడకండి. నాకు టైమెక్కడుంది? పొద్దున ఏడింటికి పోతే ఇదిగో ఇప్పుడు వదిలారు. ఇంటికెళ్ళి వంట, నీళ్ళు, దాని హోంవర్కు."

"నీ బస్సు ఎప్పుడు?"

"ఆరూ పదికి."

"రోజూ ఆ స్తంభానికి ఆనుకుని నలభై నిమిషాలు నిలబడతావు. ఆరేళ్ళ నుంచి చూస్తున్నా. ఆ నలభై నిమిషాలు స్తంభానికివ్వకు, నాకివ్వు. నాక్కూడా కాదు, పిల్లకివ్వు."

ఆమె బస్టాపు స్తంభం వంక చూసింది. ఆరేళ్ళుగా దాని పక్కన తాను నిలబడి ఉండటం అప్పుడే మొదటిసారి కనిపించినట్టు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది.

మావయ్య చేతులు అప్పటికి ఇంకా పనిచేస్తున్నాయి. అయినా ఆమె ముందు వాటిని వాడనని ఒట్టు పెట్టుకున్నాడు. "పోయాక ఎలాగూ లేవు. ఉన్నప్పుడే లేవనుకుని చెప్పాలి, అప్పుడే ఆమెకు వస్తుంది" అన్నాడు. చెప్పినంత తేలిక కాలేదు. ఆమె కత్తిని అడ్డదిడ్డంగా పట్టుకుంటే ఆయన చేయి దానంతటదే ముందుకు వెళ్ళేది. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

"గుడ్లు పొదుగుతున్నట్టున్నారు" అన్నాడు గుమస్తా గారు. పాఠం మొదలయ్యాక ఆయన కూడా సాయంత్రాలకు మారాడు.

"పొదుగుతున్నా. మీరు మైనం పట్టించండి."

స్కూలు వదిలాక పిచ్చుక కూడా కొట్టుకే వచ్చేది. ముందు దాని తల్లికి పాదం పట్టుకోవడం నేర్పాడు. కళ్ళు మూసుకుని పిల్ల మడమ తడిమి, ఎముక ఎటు ఒరిగిందో చెప్పమన్నాడు. పదేళ్ళుగా ఆ కాలికి నూనె రాస్తున్న తల్లికి ఆ ఎముక ఒరుగు తెలియదు. తెలిసిన రోజు ఏడ్చింది. మావయ్య ఏడవనిచ్చాడు, కానీ గడియారం వంక చూసి, "ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. గీత గీయి" అన్నాడు. కఠినంగా అనిపించింది నాకు. ఆమెకు అనిపించలేదు. ముక్కు తుడుచుకుని పెన్సిలు తీసుకుంది.

అచ్చు చెక్కడానికి రెండు నెలలు పట్టింది. ఏటా కొత్తది చెక్కనక్కరలేకుండా, ఉన్నదానికే తోలు ముక్కలు అతికించి పాదం మారినప్పుడల్లా పెంచుకునే పద్ధతి చెప్పాడు. రేపటి పాదం ఎలా ఉంటుందో ఇద్దరిలో ఎవరూ ఊహించలేదు. ఈ వారం ఎలా ఉందో కొలిచారు. ఆదివారం పొద్దున రెండు గంటలు ఎక్కువ దొరికేవి. పన్నెండు కాగానే మావయ్య లేచి అత్తయ్య దగ్గరకు వెళ్ళిపోయేవాడు, పని ఏ దశలో ఉన్నా సరే.

ఆమె కుట్టిన మొదటి జత పిచ్చుక తొడుక్కుని నాలుగు అడుగులు వేసి, "బాగుందమ్మా" అంది.

"అబద్ధం" అన్నాడు మావయ్య.

"కొంచెం పొడుస్తోంది" అంది పిచ్చుక నేల చూస్తూ. "అమ్మ ఎంతో కష్టపడి కుట్టిందిగా."

"అమ్మ కష్టం అమ్మది. కాలు నీది. ఎక్కడ?"

తల్లి రెండు వారాల కుట్టును విప్పేసింది. మావయ్య చేతులు అప్పటికి ఆరెను అసలు పట్టుకోలేకపోతున్నాయి. ఇప్పుడు వాటి మీద కూర్చోవలసిన అవసరం లేదు, ఒళ్ళో ఊరికే పడి ఉండేవి. డాక్టరు చెప్పిన గడువుకు ఇంకా నెలన్నర ఉంది. ముందే వచ్చిందేమని ఆయన ఎవరినీ అడగలేదు. నోటితో చెప్పేది మాత్రం ఎక్కువైంది. లాగు, అంత కాదు, తోలు మూలిగే దాకా లాగు, ఇక ఆపు.

రెండో జత ఒక గురువారం సాయంత్రం పూర్తయింది. మడమ చివరి కుట్టు దగ్గర దారం ముడి వేయాలి. మావయ్య అలవాటుగా చేయి చాచాడు.

"తీయండి అన్నయ్యా చేయి" అంది ఆమె, తల ఎత్తకుండానే.

గుమస్తా గారు మైనం ఆపేశాడు. నేను పుస్తకం మూశాను. మావయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడని సంతోషం కనిపించింది. అంత ధీమాగా తనను కసిరిన మనిషి ఆ కొట్టులో అంతకుముందు లేదు.

పిచ్చుక బూట్లు తొడుక్కుంది. లేచి నిలబడింది.

"వీధిలో నడిచి రా" అన్నాడు మావయ్య. పిల్ల గుమ్మం దిగగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"చూడరేం?" అంది తల్లి.

"ష్. విను."

బయట రాళ్ళ బాట. బూట్ల చప్పుడు మొదలైంది. టక్, టక్. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటుందేమోనని తల్లి గుమ్మం వైపు చెవి ఒగ్గింది. టక్, టక్, టక్, టక్. రెండూ ఒకటే. ఏది కుడో ఏది ఎడమో తెలియలేదు. చప్పుడు మంగలి కొట్టు దాటింది, రొట్టెల కొట్టు దాటింది. వేగం పెరిగింది. తర్వాత మలుపు తిరిగి వినిపించకుండా పోయింది.

తిరిగి రాలేదు. రెండు నిమిషాలయింది. బస్టాపులో ఆరూ పది బస్సు వచ్చి ఆగింది.

"ఇదెక్కడికి పోయింది? అన్నయ్యా, పిలవండి దాన్ని. బస్సొచ్చింది!"

మావయ్య కళ్ళు తెరిచాడు.

"ఎందుకమ్మా పిలవడం? నడవడానికేగా కుట్టావు. నడవనీ" అన్నాడు.

బస్సు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.